కాఫీ, చాక్లెట్ టేస్టింగ్ క్లాసుకి వెళ్తున్నారా? ముందు మీ మాట రాసుకోండి

నేను మొదటిసారి టేస్టింగ్ క్లాసులో కూర్చున్న రోజు మూడో కప్పు దగ్గర ఒక పొరపాటు చేశాను. చెంచాతో కాఫీ పీల్చగానే ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన తగిలింది. కాగితం మీద "ఎండుద్రాక్ష" అని రాశాను. ఇంతలో పక్కన కూర్చున్నాయన గట్టిగా "బ్లూబెర్రీ!" అన్నారు. టీచర్ తలూపారు. నేను నా మాట కొట్టేసి బ్లూబెర్రీ అని రాసుకున్నాను. అప్పటికి నేను బ్లూబెర్రీ తిననే లేదు. వారం తర్వాత అదే కాఫీ ఇంట్లో కలుపుకుని, కాగితం ముందు పెట్టుకుని చూస్తే ఆ మాట నాకు దేన్నీ గుర్తు చేయలేదు. కొట్టేసిన మాట మాత్రం కప్పులో అలాగే ఉంది.

అప్పటి నుంచి ఎవరు ఇలాంటి క్లాసుకి వెళ్తున్నామన్నా ఒకటే చెప్తున్నాను. అక్కడ సరైన జవాబు పట్టుకోవడం మీ పని కాదు. మీ నోటికి తెలిసినదానికి మీ మాట వెతుక్కోవడం మీ పని. ఇక్కడ చెప్పే పద్ధతంతా దానికోసమే.

క్లాసు ఎంచుకునే ముందు

బుక్ చేసే ముందు నిర్వాహకుల్ని మూడు విషయాలు అడగండి. మొదటిది, ఎన్ని శాంపిళ్లు ఇస్తారు? నాలుగైదు కాఫీలు, నాలుగైదు చాక్లెట్లు కొత్తవాళ్లకి సరిపోతాయి. పది, పన్నెండు అన్నారంటే చివరికొచ్చేసరికి నాలుక మొద్దుబారుతుంది, ఏది ఏదో గుర్తుండదు. రెండోది, చాక్లెట్లు సాదావేనా, లేక లోపల గింజలు, పళ్లు, క్రీములు ఉన్నవా? రుచి నేర్చుకోవాలంటే సాదా బార్లే కావాలి. మూడోది, కాఫీ ఒకే పద్ధతిలో తయారు చేస్తారా? ఒకటి ఎస్ప్రెసో, ఇంకొకటి ఫిల్టర్ అయితే మీకు తెలిసే తేడా గింజదో తయారీదో చెప్పలేరు.

పాలు, సోయా, బాదం, వేరుశనగ లాంటివి పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. డార్క్ చాక్లెట్ అయినా, పాల చాక్లెట్ తయారైన యంత్రాల మీదే తయారయ్యుండొచ్చు. రేపర్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఆ రోజు ఇంటి దగ్గర

క్లాసుకి మీతో తీసుకెళ్లే అసలు పరికరం మీ ముక్కు. దాన్ని పాడుచేసేవన్నీ ఆ రోజుకి పక్కన పెట్టండి. సెంటు, గుబాళించే హ్యాండ్ క్రీమ్, ఘాటైన తలనూనె వద్దు. మీకే కాదు, పక్కవాళ్లకీ ఇబ్బంది. ఒకసారి ఒకావిడ పూసుకున్న గులాబీ సెంటు వల్ల మా టేబుల్ మీద ప్రతి కాఫీలోనూ గులాబీయే కనిపించింది. ఆవిడ తప్పేం లేదు, ఎవరూ ముందు చెప్పలేదు.

పళ్లు తోముకోవడానికీ క్లాసుకీ మధ్య కనీసం గంట ఉండేలా చూసుకోండి. టూత్‌పేస్టులో నురగ కోసం కలిపే పదార్థం కాసేపు నాలుక మీద తీపిని తగ్గించి చేదుని పెంచుతుంది. తోముకున్న వెంటనే ఏదైనా పండ్ల రసం తాగితే వెగటుగా ఉండటం మీకు అనుభవమే కదా. కారం, వెల్లుల్లి, సిగరెట్టు కూడా గంటన్నర ముందే ఆపేయాలి. అలాగని ఖాళీ కడుపుతో వెళ్లకండి. వరసగా కాఫీలు తాగితే కడుపులో తిప్పుతుంది, చేతులు వణుకుతాయి. చప్పటి తిండి కొంచెం తిని బయల్దేరండి.

జలుబు చేసి ముక్కు దిబ్బడగా ఉంటే క్లాసు వాయిదా వేసుకోవడమే మంచిది. ఎందుకో ముక్కు పరీక్ష దగ్గర తెలుస్తుంది.

కెఫీన్ సంగతి కూడా చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఒక్కసారిగా 200 మిల్లీగ్రాముల వరకు, రోజు మొత్తం మీద 400 వరకు ఫర్వాలేదని యూరోపియన్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2015లో చెప్పింది. గర్భిణులకి రోజంతా కలిపి 200 మించకూడదంది. డార్క్ చాక్లెట్‌లోనూ కెఫీన్ ఉంటుంది, చిన్న ముక్కలో అయితే కప్పు కాఫీకంటే బాగా తక్కువ. ఆ రోజు పొద్దున రోజూ తాగే కాఫీ మానేస్తే క్లాసుకి వెసులుబాటు ఉంటుంది. కాఫీ ఉమ్మేయడానికి విడిగా ఒక కప్పు ఇస్తారు. అది వాడటం అమర్యాద కాదు. రోజూ పదుల కప్పులు రుచి చూడటమే ఉద్యోగమైనవాళ్లు మామూలుగా ఉమ్మేస్తారు.

కాగితం ఇలా గీసుకోండి

చాలా క్లాసుల్లో అచ్చు కాగితం ఇస్తారు. అయినా మీ సొంత నోటుబుక్కు తీసుకెళ్లండి. పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీ మాట, కుడివైపు టీచర్ చెప్పినదీ తోటివాళ్లు అన్నదీ. ఎడమవైపు నింపేదాకా కుడివైపు ముట్టుకోవద్దు, తర్వాత ఎడమవైపు దిద్దొద్దు. నేను కొట్టేసిన ఎండుద్రాక్ష నేర్పిన పద్ధతి ఇది.

ఎడమవైపు అందమైన మాటలు అక్కర్లేదు. "వాన పడ్డ మట్టి", "కొత్త పుస్తకం", "అగ్గిపుల్ల ఆర్పినప్పటి పొగ", ఏది తడితే అది రాయండి. ఒక్కోసారి నోట్లో నానుతూనే ఉంటుంది గానీ మాట రాదు. అప్పుడు "ఏదో పండు, ఎర్రటిది", "ఏదో మసాలా దినుసు" అని రాసి ముందుకెళ్లండి. మాట తర్వాత రావచ్చు, రాకపోయినా నష్టం లేదు.

మొదట ముక్కు పరీక్ష

మంచి టీచర్ క్లాసు దీనితోనే మొదలుపెడతారు. పెట్టకపోతే మీరే చేసుకోండి, నిమిషం చాలు. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని చిన్న డార్క్ చాక్లెట్ ముక్క నోట్లో వేసుకుని నమలండి. తీపి తెలుస్తుంది. చేదు తెలుస్తుంది. కాస్త వగరు తెలుస్తుంది. కానీ అది చాక్లెట్ అని చెప్పడానికి గుర్తేమీ ఉండదు. ఇప్పుడు నోరు మూసే ఉంచి ముక్కు వదిలేసి గాలి బయటికి వదలండి. చాక్లెట్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

నాలుకకి సొంతంగా తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా ఉమామి. ఉమామి అంటే మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే కమ్మటి రుచి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా దానికా పేరు పెట్టారు. మిగతాదంతా, అంటే పండు, పువ్వు, పొగ, తేనె, వేయించిన పప్పు, నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా అనిపించేది ఇందుకే. కాబట్టి క్లాసు మొత్తం ఒక అలవాటు పెట్టుకోండి. మింగాక, లేదా ఉమ్మేశాక, నోరు మూసి ముక్కుతో మెల్లగా గాలి వదలండి. సగం రుచి అక్కడే దొరుకుతుంది.

నాలుక చివర తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని పటం గీసి చూపించే టీచర్లు ఇంకా ఉన్నారు. అది తప్పు. అన్ని రుచులూ నాలుక మీద అన్ని చోట్లా తెలుస్తాయి.

కాఫీ: కప్పింగ్ మెట్టు మెట్టుగా

కాఫీ రుచి చూసే వృత్తివాళ్ల పద్ధతి పేరు కప్పింగ్. ఫిల్టర్ ఉండదు, యంత్రం ఉండదు. పొడి మీద వేడినీళ్లు పోయడమే. ఇంత సాదాగా ఉండబట్టే గింజల మధ్య తేడా దాచడానికి వీలుండదు. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ కొలత ప్రకారం 150 మిల్లీలీటర్ల నీళ్లకి 8.25 గ్రాముల పొడి, నీళ్లు సుమారు 93 డిగ్రీల సెల్సియస్.

ముందు నీళ్లు పోయకుండానే పొడి వాసన చూడండి. కప్పుని అరచేత్తో మెల్లగా తట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చిన్నచిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి. ఒకే పెద్ద ఊపిరి కంటే కుక్కపిల్ల వాసన పట్టినట్టు చిన్న ఊపిర్లు మేలు. పొడి పట్టిన పావుగంటలోపే ఇది చేయాలి, ఆ తర్వాత ఎగిరిపోయే వాసనలు ఎగిరిపోతాయి. ఒక మాట రాయండి.

నీళ్లు పోశాక నాలుగు నిమిషాలు కప్పు కదపకూడదు. పైన పొడి గోధుమరంగు తెట్టులా కట్టుకుంటుంది. ఆవిరి పెద్దగా రాదు, వాసన కూడా మూత వేసినట్టు ఉంటుంది. నాలుగు నిమిషాలు కాగానే చెంచా వెనక వైపుతో ఆ తెట్టుని అవతలికి తోయాలి, మూడుసార్లు. ఆ క్షణంలో మీ ముక్కు కప్పుకి ఆనుకునేంత దగ్గరగా ఉండాలి. తెట్టు పగిలిన చోటు నుంచి వేడిగాలి పైకి లేస్తుంది. నాలుగు నిమిషాలుగా లోపల చిక్కుకున్న వాసనంతా ఒక్క దెబ్బకి మొహానికి తగులుతుంది. నాకు కాఫీలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇది. టీచరే అన్ని కప్పులూ పగలగొట్టేస్తుంటే "ఒకటి నేను చేస్తాను" అని అడగండి. దూరం నుంచి చూస్తే దీంట్లో ఏమీ అర్థం కాదు.

తర్వాత రెండు చెంచాలతో పైన తేలే నురగ, పొడి తీసేస్తారు. కాఫీ సుమారు 70 డిగ్రీలకి దిగేదాకా ఆగండి. తొందరపడి నాలుక కాల్చుకుంటే మిగతా క్లాసంతా పోయినట్టే.

ఇక పీల్చడం. చెంచాలో కొంచెం కాఫీ తీసుకుని పెదాల దగ్గర పెట్టి, గాలితో కలిపి జుర్రుమని శబ్దం వచ్చేలా లాగండి. చిన్నప్పటి నుంచి జుర్రకూడదని పెంచిన వాళ్లం కాబట్టి మొదట్లో అందరం సిగ్గుపడతాం. కానీ ఆ శబ్దం ఊరికే రాదు. కాఫీ తుంపరలై నోరంతా పరుచుకుని, ఆవిరి వెనక నుంచి ముక్కుకి ఎక్కుతున్నప్పుడు అలా వినిపిస్తుంది. మెల్లగా తాగితే ఆ వాసనలో కొంతే అందుతుంది. చెంచాని ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి వెళ్లేముందు వేడినీళ్లలో ముంచి కడగడం మర్చిపోవద్దు.

ప్రతి కప్పునీ మూడుసార్లు రుచి చూడాలి: వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చగా అయ్యాక, చల్లారాక. కొత్తవాళ్లు చాలామంది మొదటి రౌండుతో ఆగిపోతారు. వేడిలో పొగ, వేపుడు వాసనలు ముందుంటాయి. చల్లారేకొద్దీ పులుపు, తీపి విడివిడిగా తెలుస్తాయి. మంచి కాఫీ చల్లారాక ఇంకా బాగుంటుంది. నాసిరకం గింజ దాచుకున్నవన్నీ చల్లారాక బయటపెడుతుంది, మక్కిన వాసన, గోనెసంచి వాసన, నోట్లో మిగిలే ఎండుగడ్డి రుచి. మూడో రౌండు మాటలు తప్పకుండా రాయండి.

కాఫీల వరుస కూడా చూడండి. తక్కువ వేయించినవి ముందు, బాగా ముదురుగా వేయించినవి చివర ఉండాలి. ముదురు రోస్ట్ చేదు నాలుక మీద పడ్డాక లేతవాటి పులుపూ పువ్వుల వాసనా పట్టుకోవడం కష్టం.

పులుపు, చేదు, వగరు: ఈ మూడూ కలగాపులగం కాకుండా

నా ఉద్దేశంలో క్లాసు మొత్తంలో నేర్చుకోవాల్సిన అసలు విషయం ఇదే. కొత్తవాళ్లు పుల్లగా ఉన్న కాఫీని కూడా "చేదుగా ఉంది" అంటారు. కాఫీ అంటే చేదు అని మనసులో ముందే ఉంటుంది కాబట్టి. తేడా ఇలా కనిపెట్టండి. పులుపు తగలగానే దవడల పక్కన లాలాజలం ఊరుతుంది, నిమ్మకాయ తలుచుకున్నా ఊరినట్టు. చేదుకి అలా ఊరదు. అది కాస్త ఆలస్యంగా వచ్చి, మింగాక కూడా గొంతు దగ్గర నిలిచి ఉంటుంది. వగరు అసలు రుచే కాదు, స్పర్శ. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక గరుకుగా అయి, బుగ్గలు లోపలికి లాక్కుపోయినట్టు, నోరు పిడచకట్టినట్టు ఉంటుంది. గింజల్లో ఉండే పాలిఫినాల్స్ అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని, నోటి జిగురు పోగొట్టడం వల్ల అలా అవుతుంది.

ఈ వగరు దగ్గర తెలుగువాళ్లకి ఒక మేలుంది. ఇలాంటి క్లాసుల్లో ఇంగ్లీషులో దీనికి వాడే మాట చాలామంది అప్పుడే మొదటిసారి వింటారు, అర్థం కావడానికే సమయం పడుతుంది. మనం షడ్రుచుల్లో ఒకటిగా చిన్నప్పుడే నేర్చేసుకున్నాం. అందుకే మీ నోట్సు తెలుగులో రాయమంటాను. చిరుచేదు, పులపుల్లగా, కమ్మగా, కమురు, ఘాటు, చిక్కన, పల్చన. ఈ మాటలు రుచులతో పాటే మనలో పెరిగాయి. "బ్రైట్ ఎసిడిటీ" అని రాసుకుంటే గుర్తుండదు, "నిమ్మతొక్క గిల్లినట్టు" అంటే ఆరునెలల తర్వాత కూడా గుర్తొస్తుంది.

క్లాసు గోడ మీద కాఫీ రుచుల పేర్లు రాసిన రంగురంగుల చక్రం ఒకటి కనిపిస్తుంది, ఫ్లేవర్ వీల్. 1995లో మొదట వచ్చింది, 2016లో కొత్త పరిశోధనతో మార్చారు. దాన్ని మధ్య నుంచి బయటికి చదవాలి. మొదట "పండు" అనుకోండి, తర్వాత ఏ రకం పండో, చివర్లో ఏ పండో. బయటి అంచు నుంచి మొదలుపెడితే ఊహలే కప్పులో కనిపిస్తాయి. నేనైతే ఎడమవైపు గడి నింపేదాకా చక్రం వైపు చూడను.

రుచికి కారణాలు టీచర్ చెప్పేటప్పుడు ప్రాసెసింగ్ అనే మాట వస్తుంది. కాఫీ పండు గుజ్జు తీసి, కడిగి, ఎండబెడితే వాష్డ్. రుచి తేటగా, పులుపు స్పష్టంగా ఉంటుంది. పండుతోనే ఎండబెడితే నేచురల్. ఎండుపళ్లు, మాగిన పళ్ల వాసన వస్తుంది. నా మూడో కప్పు అదే. గుజ్జులో కొంత ఉంచి ఎండబెడితే హనీ. పేరేగానీ అందులో తేనె ఉండదు.

చాక్లెట్: కరిగేదాకా ఆగడం

కాఫీ తర్వాత కాసేపు విరామం తీసుకుని, గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించండి. చాక్లెట్ల మధ్య చన్నీళ్లు మాత్రం తాగొద్దు. కోకో బటర్, అంటే కోకో గింజలోని కొవ్వు, గడ్డకట్టి నాలుక మీద పల్చటి మైనపు పొరలా నిలుస్తుంది, తర్వాతి ముక్క రుచి దాని కింద పడిపోతుంది. సాదా బిస్కెట్టు లేదా ఆపిల్ ముక్క కూడా నోరు శుభ్రం చేస్తుంది.

ముక్క చేతికి రాగానే ముందు చూడండి. సరిగ్గా టెంపరింగ్ చేసిన, అంటే కరిగించి జాగ్రత్తగా చల్లార్చి గడ్డకట్టించిన, చాక్లెట్ మెరుస్తుంది. పైన తెల్లటి పొర ఉంటే బూజు అని కంగారుపడకండి. వేడి తగిలి కొవ్వు పైకి తేలినా, తేమ తగిలి పంచదార పైకి వచ్చినా అలా అవుతుంది. తిన్నా హాని లేదు, మెత్తదనం తగ్గి ఉంటుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విరవండి. టప్పుమని తెగాలి. డార్క్‌లో శబ్దం పదునుగా ఉంటుంది, పాల చాక్లెట్‌లో మెత్తగా. ఆ శబ్దం, ఆ మెరుపు రెండూ కోకో బటర్ స్ఫటికాలు ఒక పద్ధతిలో పేరుకోవడం వల్ల వచ్చేవే. ఆ స్ఫటికాలు సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతాయి. గదిలో గట్టిగా ఉండి నోట్లో కరిగే మహిమ అదే.

ముక్కని బొటనవేలితో ఒకసారి రుద్ది వాసన చూడండి. వేలి వేడికి వాసన లేస్తుంది. రాయండి.

ఇప్పుడు నోట్లో వేసుకోండి. రెండే రెండుసార్లు కొరికి ఆపేయండి. నమలొద్దు. నాలుకతో ముక్కని అంగిలికి అదిమి పెట్టి కరగనివ్వండి. ఇదే కష్టం, ఎందుకంటే చాక్లెట్ నోట్లో పెట్టగానే నమిలి మింగడం అందరికీ అలవాటు. మొదటి పది సెకన్లలో పెద్దగా ఏమీ ఉండదు, కొంచెం తీపి. ఆ తర్వాత అంచులు మెత్తబడి, ముక్క నాలుక మీద జారడం మొదలవుతుంది. అప్పుడు పులుపు వస్తుంది, కొన్నిటిలో నారింజలా, కొన్నిటిలో ఎర్రటి పళ్లలా. మధ్యలో వేయించిన గింజల రుచి. పూర్తిగా కరిగాక చేదూ వగరూ. మింగాక ముక్కుతో గాలి వదిలితే పువ్వో పొగో ఇంకోటో. ఒకే ముక్కలో మొదలు, నడిమి, చివర వేరువేరుగా ఉంటాయి. అందుకే నోట్‌బుక్కులో చాక్లెట్‌కి మూడు చిన్న గళ్లు గీసుకోండి. ముక్క మరీ చిన్నదైతే ఈ కథంతా జరగడానికి సమయం చాలదు. నాలుగైదు గ్రాములుండేలా అడగండి.

నాలుక మీద ఇసుకలా తగిలిందా, పట్టులా జారిందా అన్నది కూడా రాయండి. కోకోనీ పంచదారనీ గంటల తరబడి కలిపి రుబ్బే కాంచింగ్ అనే పద్ధతిని స్విట్జర్లాండ్ చాక్లెట్ తయారీదారు రోడాల్ఫ్ లిండ్ట్ 1879లో కనిపెట్టేదాకా చాక్లెట్ గరగరలాడుతూనే ఉండేది. ఇప్పటికీ కొందరు కావాలనే గరుకుగా చేస్తారు, అది లోపం కాదు.

రేపర్ మీద శాతం చూసి నాణ్యత అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 70 శాతం అంటే కోకో గింజ నుంచి వచ్చినదంతా, కోకో పొడీ కొవ్వూ కలిపి, నూటికి 70. మిగతాది ఎక్కువగా పంచదార. అంతకుమించి ఆ అంకె ఏమీ చెప్పదు. రెండు 70 శాతం బార్లు పక్కపక్కన పెట్టి తినండి, ఒకటి పుల్లగా, ఇంకోటి మాడు చేదుగా ఉండొచ్చు. కోకో గింజల్ని కాయ నుంచి తీశాక గుజ్జుతో సహా చాలాచోట్ల ఐదారు రోజులు పులియబెడతారు. చాక్లెట్ వాసనకి పునాది పడేది అక్కడే. సరిగ్గా పులియని గింజకి ఎన్ని హంగులు చేసినా వగరు పోదు. ఆ తర్వాత ఎండబెట్టడం, వేయించడం, రుబ్బడం. మడగాస్కర్ గింజలకి ఎర్రటి పళ్ల పులుపు, ఈక్వడార్ నాసియోనల్ రకానికి పువ్వుల వాసన, ఘనా గింజలకి మనకి అలవాటైన చాక్లెట్ రుచి అని పేరు. మీ ముక్కలో అవి కనిపించకపోతే పేరు కోసం రాయకండి.

వరుస గురించి రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు పాల చాక్లెట్‌తో మొదలుపెట్టి శాతం పెంచుకుంటూ పోతారు. నాకు మాత్రం 60, 70 శాతం డార్క్‌లతో మొదలుపెట్టి, 85 పైనవి ఆ తర్వాత, పాల చాక్లెట్ చిట్టచివర తినడమే నచ్చింది. పాలూ పంచదారా ముందు నోట్లో పడితే ఆ తర్వాతి డార్క్ అన్యాయంగా చేదనిపిస్తుంది.

రెండూ కలిపి

క్లాసు చివర్లో ఏ కాఫీతో ఏ చాక్లెట్ కుదురుతుందో చూపిస్తారు. ముందు ఒక గుక్క కాఫీ తాగండి, ఒక్కటే. తర్వాత చాక్లెట్ ముక్క వేసుకుని సగం కరగనివ్వండి. ఇప్పుడు మళ్లీ ఒక గుక్క కాఫీ. కాఫీ గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడిగా ఉంటే చాక్లెట్ గబుక్కున కరిగి జారిపోతుంది, చల్లగా ఉంటే గడ్డకడుతుంది. రెండో గుక్కలో కాఫీ మారిందా, చాక్లెట్ మారిందా, లేక రెండిట్లోనూ లేని కొత్త రుచి ఏదైనా వచ్చిందా? ఈ మూడింట్లో ఏది జరిగిందో రాస్తే చాలు.

పుల్లటి కాఫీకి పుల్లటి చాక్లెట్ జోడీ అనుకుంటాం. చాలాసార్లు పులుపు రెట్టింపై నోరు ముడుచుకుంటుంది. ముదురు రోస్ట్ కాఫీకి పాల చాక్లెట్ దాదాపు ఎప్పుడూ కుదురుతుంది, కాల్చిన పంచదార రుచి రెండిట్లోనూ ఉంటుంది కాబట్టి. నేచురల్ కాఫీకి పళ్ల రుచి ఉన్న డార్క్ ఒకసారి ప్రయత్నించండి. కుదరని జోడీలు కూడా రాసుకోవాలి, ఎందుకు కుదరలేదో ఆలోచిస్తే ఎక్కువ తెలుస్తుంది.

టీచర్‌ని ఏం అడగాలి

"ఇందులో ఏ రుచి ఉంది?" అని అడగొద్దు. "ఈ పులుపు గింజదా, పులియబెట్టడం వల్ల వచ్చిందా, తక్కువ వేయించడం వల్లా?" అని అడగండి. మొదటి ప్రశ్నకి ఒక మాట దొరుకుతుంది, రెండోదానికి ఒక కారణం దొరుకుతుంది. మీకు ఏదైనా వాసన చెడ్డగా అనిపిస్తే అదీ చెప్పండి. ఒకసారి నాకు ఒక చాక్లెట్‌లో పొగ వాసన ఎక్కువగా కొట్టింది, టెన్షన్‌తో చెప్పాను. గింజల్ని కట్టెల మంట దగ్గర ఎండబెడితే అలా వస్తుందని టీచర్ పది నిమిషాలు వివరించారు. అడక్కపోతే ఆ సంగతి తెలిసేది కాదు.

మీకు ఏమీ తెలియకపోతే ఎడమవైపు "తెలియలేదు" అని రాయండి. అదీ నోట్సే. ముక్కు అలిసిపోయిందనిపిస్తే బయటికెళ్లి రెండు నిమిషాలు మామూలు గాలి పీల్చి రండి, లేదా మీ మోచేతి మడత వాసన చూసుకోండి. రోజూ ఉండే మీ వాసనే ముక్కుకి విశ్రాంతి.

మిగిలిన చాక్లెట్ ఇంటికి తెచ్చుకుంటే కుక్కకి అందకుండా పెట్టండి. కోకోలోని థియోబ్రోమిన్ వాటికి విషం, డార్క్ అయితే మరీను.

ఇంటికొచ్చాక

క్లాసులో నేర్చినది వారంలోపు ఒకసారి చేయకపోతే జారిపోతుంది. దానికి మూడు కప్పుల పరీక్ష పెట్టుకోండి. క్లాసులో రుచి చూసిన రెండు కాఫీలు తీసుకుని, ఒకే కొలతలో కలపండి. ఒకేలా ఉన్న మూడు కప్పుల్లో, రెండింటిలో ఒక కాఫీ, మూడోదాంట్లో రెండోది పోయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఏ కప్పులో ఏముందో తెలిసేలా కప్పుల అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. మీరు పక్కగదిలో ఉండాలి. వచ్చాక మూడూ జుర్రి, వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. కళ్లు మూసుకుని ఊరికే చెప్పినా మూడోవంతుసార్లు ఒప్పు అవుతుంది కాబట్టి, ఐదారుసార్లు చేస్తేగానీ నిజంగా తెలుస్తోందో లేదో తేలదు.

చాక్లెట్‌తోనూ ఇలాగే చేయొచ్చు, కళ్లకి గుడ్డ కట్టుకుని. రెండు 70 శాతం బార్లు చాలు. నోటుబుక్కు ఎడమవైపు పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. కప్పు తిరగేసి అడుగున గుర్తు చూసేముందు, వేరుగా ఉన్నదాన్ని ఏ మాటతో పట్టుకున్నారో ఆ మాట రాయండి. ఆ తర్వాతే కప్పు తిప్పండి.